ఆ ఎనిమిది సెకన్లు మమ్మల్ని నిలబడనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య పిల్లల్ని తీసుకుని ఒక డిజిటల్ ప్రదర్శనకు వెళ్లాను. గోడ ముందు నిలబడితే కెమెరా మనల్ని పట్టుకుని గోడ మీద రంగుల్లో చూపిస్తుంది. మా పాప చెయ్యెత్తింది, గోడ మీది పాప కాస్త ఆలస్యంగా ఎత్తింది, అది కనిపెట్టి ఈసారి నెమ్మదిగా ఎత్తబోతుంటే ‘ఫోటో అయిపోయిందిగా, కదలండి’ అంటూ అక్కడి కుర్రాడు పంపించేశాడు. అతన్ని అనడం లేదు, వెనక లైను అంత ఉంది. కానీ చూడాల్సింది ఆ ఆలస్యాన్నే కదా!

అమెరికా కళాకారుడు డాన్ గ్రాహం 1974లో ఇలాంటి గదే చేశాడు. గోడలకు అద్దాలు, అద్దాలు లేని గోడకు ఒక టీవీ, దానిపైన కెమెరా. అద్దంలో ఇప్పటి మనం, టీవీలో 8 సెకన్ల కిందటి మనం. ఎదుటి అద్దంలో ఆ టీవీ కూడా కనపడుతుంది కాబట్టి కెమెరా దాన్నీ పట్టుకుంటుంది, అంటే మనం అడ్డం లేకపోతే టీవీలోని టీవీలో 16 సెకన్ల కిందటి మనం, అలా లోపలికి పోతూనే ఉంటాం.

అంతకు ముందే, 1970లో, బ్రూస్ నౌమన్ అనే మరో అమెరికా కళాకారుడు సుమారు 20 అంగుళాల వెడల్పు, 32 అడుగుల పొడవున్న ఇరుకు దారి కట్టాడు. చివర ఒకదానిమీద ఒకటి రెండు టీవీలు. ఒకదాంట్లో ముందే రికార్డు చేసిన ఖాళీ దారి, రెండోదాంట్లో మన వీపు. కెమెరా వెనక పైన ఉంటుంది కాబట్టి టీవీకి దగ్గరయ్యేకొద్దీ అందులో మనం చిన్నవాళ్లమైపోతాం.

నేను అక్కడికి వెళ్లలేదు గానీ ఆ వీపు సంగతి నాకు తెలుసు. ఒకసారి మందుల షాపులో నిలబడి పైన సీసీటీవీ తెర చూస్తే, కుడి భుజం వంచి, చేతులు వెనక్కి కట్టుకుని మా నాన్న కనిపించారు. ఆయన పోయి ఆరేళ్లయింది. తల తిప్పాను, తెర మీద ఆయనా తిప్పారు. అది నేనే అని తెలియడానికి ఓ క్షణం పట్టింది. రోజుకు ఎన్ని సెల్ఫీలు తీసుకున్నా నాకిది తెలియలేదు, ఎందుకంటే సెల్ఫీకి ముఖం ముందే సర్దుకుంటాం.

అందుకే నిర్వాహకులకు నా విన్నపం, ఒక్కో విడతలో తక్కువమందిని పంపండి, ఫోన్లు బయట పెట్టించినా ఫర్వాలేదు. మీరు కూడా ఆదివారం సంచికలో ఈ పాత వీడియో కళాకారుల గురించి బొమ్మలతో ఒక పేజీ వేయండి సార్, మా పాపకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్