ఫ్యాక్టరీతో పాటు చెరకు విత్తనమూ పోయింది

సంపాదకులు గారికి,

నమస్కారం. మూతపడిన చెరకు ఫ్యాక్టరీల గురించి మీ పత్రికలో వార్తలు చదువుతూనే ఉన్నాను. మా అనకాపల్లి జిల్లాలో తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ ఫ్యాక్టరీలు ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. బకాయిల గురించీ ధర గురించీ అందరూ మాట్లాడుతున్నారు, మాట్లాడాలి కూడా. అయితే ఫ్యాక్టరీలతో పాటు మా పొలాల్లోంచి పోయింది ఇంకొకటి ఉంది. దాని మాట ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. అది విత్తనం.

మాది మునగపాక మండలం. రెండెకరాల చెరకు, బెల్లం వండుకుని బతికే కుటుంబం. నిరుడు ఫిబ్రవరిలో ఒక ఎకరం మొక్కతోట, అంటే కొత్తగా నాటే చెరకు, వేశాను. ఎకరానికి మూడు కళ్ళ ముచ్చెలు, అంటే మూడేసి మొగ్గలున్న గడ ముక్కలు, 16 వేలు కావాలి. దగ్గర దగ్గర 4 టన్నుల గడ. సొంత తోటలో అంత లేక పక్క ఊరి రైతు దగ్గర కొన్నాను. గడ చూస్తే నిగనిగలాడుతోంది, ఏ అనుమానమూ రాలేదు. ఆగస్టులో వానలు పట్టాక కొన్ని దుబ్బుల్లో పైనుంచి మూడో ఆకు, నాలుగో ఆకు పసుపుబారి ఎండడం మొదలైంది. ఆకు పట్టుకుని మందుల షాపుకి వెళ్తే పోషకాల లోపమని ఒక డబ్బా ఇచ్చారు. పది రోజులు పోయాక వెళ్తే పురుగు అయ్యుంటుందని ఇంకో డబ్బా. మూడోసారి తెగులు మందు. మందులకూ కొట్టిన కూలికీ ఆరు వేలు దాటింది.

ఆఖరికి మా పెదనాన్న పొలానికొచ్చి, ఒక గడ నరికి నిలువునా చీల్చమన్నారు. లోపలంతా ఎరుపు. ఆ ఎరుపు మధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు. పులిసిన కల్లు వాసన. "ఎర్రకుళ్ళురా. దీనికి డబ్బాలో మందు లేదు. దుబ్బులు తవ్వి తగలబెట్టు, కార్శి మాత్రం ఉంచకు" అన్నారు. కార్శి అంటే కోసిన మోళ్ళ నుంచి మళ్ళీ వచ్చే తోట. తెగులు తగిలిన గడలో పంచదార విరిగిపోతుంది. రసం ఎంత కాచినా బెల్లం సరిగా గట్టిపడదు, రంగు నల్లబడుతుంది. మార్కెట్లో దిమ్మ రంగు చూసే రేటు కడతారు. హైడ్రోస్ అనే రసాయనం కలిపి రంగు తెస్తున్నారని బెల్లం వండేవాళ్ళను తప్పుపట్టడం తేలిక. గడలోనే రోగం ఉంటే పెనం దగ్గరి మనిషి ఏం చేయగలడో కూడా ఆలోచించాలి.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. వరికి గింజ చల్లుతాం, చెరకుకు గడ ముక్కనే నాటుతాం. తల్లి గడలో ఏ రోగం దాగి ఉంటే అది పిల్లకు వస్తుంది. ఎర్రకుళ్ళు, కాటుక తెగులు, గడ్డిదుబ్బు తెగులు అన్నీ ప్రధానంగా ఇలా ముచ్చెల్లోనే ఊరూరా తిరుగుతాయి. కార్బెండజిమ్ అనే తెగులు మందు కలిపిన నీళ్ళలో 15 నిమిషాలు ముంచి నాటమని చెబుతారు. ముంచాలి, నేనూ ముంచాను. కానీ అది పైన అంటుకున్న బూజుకు పనిచేసినంతగా గడ లోపల చేరిన దానికి పనిచేయదు. గడ్డిదుబ్బు తెగులు పోవాలంటే విత్తనపు గడను 54 డిగ్రీల తేమ వేడిగాలిలో 4 గంటలు ఉంచాలి. ఆ యంత్రం రైతు ఇంట్లో ఉండేది కాదు. అలా శుద్ధి చేసిన గడతో ముందు మూల విత్తనం, దాన్నుంచి రెండో అంచె, మూడో అంచె పెంచి రైతుకు ఇవ్వాలి. చెరకు విత్తనం ఒక్కో అంచెలో పదింతలకు మించి పెరగదు. అందుకే ఇది ఒక రైతు ఒంటరిగా చేసుకోగలిగిన పని కాదు.

మా వైపు ఈ పని ఫ్యాక్టరీలు చూసుకునేవి. ఫ్యాక్టరీకి గడ కావాలి కాబట్టి విత్తనపు తోటలు వాళ్ళే వేయించేవారు. ఫీల్డ్‌మ్యాన్ సైకిల్ మీద వచ్చి తోటలోకి దిగేవాడు. కాటుక తెగులు సోకి మొవ్వులోంచి వచ్చే నల్లటి కొరడాలాంటి కాడ కనిపిస్తే నల్లపొడి రాలకుండా ముందు దానికి గోనెసంచి తొడిగి, తర్వాత దుబ్బు పీకించేవాడు. నా చిన్నప్పుడు మా నాన్న ఆయన కోసం మజ్జిగ పట్టుకుని గట్టు మీద నిలబడడం నాకింకా గుర్తుంది. ఇప్పుడు మా తోటలోకి దిగేవాళ్ళు లేరు. మందు అమ్మేవాళ్ళే రోగం పేరు చెబుతున్నారు.

పురుగుల సంగతీ అంతే. మార్చి నుంచి మే దాకా ఎండలకు లేత తోటలో పీకపురుగు పడి మొవ్వు ఎండిపోతుంది. దీనికి మందుకన్నా ముందు చేయాల్సిన పని, నాటిన మూడో రోజున ఎకరానికి టన్నుంపావు చెరకు చెత్త కప్పడం. పీకపురుగు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది, కలుపూ అణుగుతుంది. ఆ చెత్తనే మేం కోత అవగానే తగలబెడుతున్నాం. తప్పు మాదే, కాదనను. ఎందుకు కాల్చకూడదో పొలంలోకొచ్చి చూపించేవాళ్ళు ఉంటే సగం మంది రైతులైనా మానేవాళ్ళు. ట్రైకోకార్డులూ అంతే. ఆ కార్డు మీదున్న గుడ్లలోంచి వచ్చే సన్నటి కందిరీగ జాతి పురుగులు పీకపురుగు గుడ్లలో తమ గుడ్లు పెట్టి దాన్ని పుట్టకముందే చంపేస్తాయి. కానీ కార్డు తాజాగా అందాలి, వారం పది రోజులకోసారి మళ్ళీ మళ్ళీ కట్టాలి. షాపు అలమరలో నెలల తరబడి నిలవ ఉండే సరుకు కాదది. అందుకే అక్కడ దొరకదు.

కలుపు గురించి ఎక్కువ రాయను. తుంగ, గరిక, గడలను చుట్టేసే తీగలు, ఇవి మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. తోట మొదటి నాలుగు నెలలు నెమ్మదిగా ఎదుగుతుంది, అప్పుడే గొప్పు తవ్వే కూలీలు దొరకరు. నాటిన మూడు రోజుల్లోపు ఎకరానికి 2 కిలోల అట్రాజిన్ కలుపు మందు 450 లీటర్ల నీళ్ళలో కొడితే చాలా వరకు మొలవదు. కాకపోతే చాళ్ళ మధ్య మినుమో పెసరో వేసుకున్నవాళ్ళు అది కొడితే ఆ పంట మాడిపోతుంది. పోయినేడు మా వీధిలోనే ఇద్దరికి అలా జరిగింది. చెప్పేవాళ్ళు లేకపోవడమంటే ఇదే.

ఒక్క రకాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌ను చూస్తే తెలుస్తుంది. 2009లో విడుదలైన కో 0238 రకం అక్కడి రైతులకు మంచి దిగుబడి ఇచ్చింది, చెరకు విస్తీర్ణంలో చాలా భాగం అదే అయిపోయింది. కొన్నేళ్ళకే ఎర్రకుళ్ళుకు లొంగిపోయింది, రకం మార్చమని ప్రభుత్వమే చెప్పుకోవాల్సి వచ్చింది. మాకు పరిశోధన కొరత లేదు. అనకాపల్లి పరిశోధన స్థానం 1913 నుంచి ఉంది, తెగులు తట్టుకునే రకాలూ ఇచ్చింది. ఆ రకం నా పొలం దాకా శుభ్రమైన గడగా రావడానికి మధ్యలో దారి తెగిపోయింది.

ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. ఫ్యాక్టరీలు తెరిచేదాకా ఈ విత్తనం పనిని ఆపవద్దు. రైతు సేవా కేంద్రాల ద్వారా వేరే పంటల విత్తనాలు ఇస్తున్నట్టే చెరకు మండలాల్లో శుద్ధి చేసిన విత్తనపు తోటలు వేయించండి. వేడిగాలి యంత్రం మండలానికొకటి అక్కర్లేదు, జిల్లాకు ఒకటి రెండు చక్కగా నడిస్తే చాలు. గ్రామ వ్యవసాయ సహాయకులకు గడ చీల్చి చూడడం నేర్పించి వానాకాలంలో తోటల్లోకి పంపండి. ఏ తోటలో ఎర్రకుళ్ళు ఉందో ఊళ్ళో చాటించండి, ఆ గడ విత్తనానికి పోకుండా ఆపండి. అలాంటి తోట తవ్వేసిన రైతుకు ఎంతో కొంత పరిహారం ఇవ్వాలి. లేకపోతే ఎవరూ బయటపెట్టరు, దాచి అమ్ముకుంటారు. నాకు అమ్మిన రైతును కూడా నేను తిట్టలేదు, ఆయనకూ తెలియదు.

విత్తనపు గడకు ఏడెనిమిది నెలల వయసు ఉండాలి. జూన్‌లో నర్సరీలు నాటితేనే వచ్చే ఫిబ్రవరి నాట్లకు అందుతుంది. తెగులు వచ్చిన ఎకరంలో ఈసారి వరి వేస్తున్నాను. మెరకలో నాకింకో అరెకరం ఉంది, ఆరేళ్ళుగా అందులో చెరకు లేదు, బోరు నీళ్ళున్నాయి. శుద్ధి చేసిన మూల విత్తనం ఇప్పిస్తే ఆ అరెకరాన్ని ఊరి విత్తనపు తోటగా ఇస్తాను. కౌలు అడగను.

ఇట్లు,
ఒక చెరకు రైతు,
మునగపాక మండలం, అనకాపల్లి జిల్లా