నా మాలిబూ ఇవాళ నడిచింది, ఆ పెద్దాయనకు థాంక్స్ ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నా

రాత్రి రెండున్నర అయింది. చేతులు మూడుసార్లు కడిగినా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వాసన పోలేదు, నడుము వంగట్లేదు, పొద్దున ఎనిమిదింటికి ఆఫీసు కాల్ ఉంది. అయినా ఇప్పుడు రాయకుండా పడుకుంటే రేపటికి చల్లబడిపోయి "థాంక్స్ అండీ అందరికీ" అని ఒక ముక్క పడేసి ఊరుకుంటానని నాకు తెలుసు. కాబట్టి ఇప్పుడే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నా పాత షెవర్లే కారు, 1972 షెవెల్ మాలిబూ, ఇవాళ సాయంత్రం తన ఇంజిన్‌తో తనే ఇక్కడ డాలస్ దగ్గరున్న గ్రేప్‌వైన్ లేక్ దాకా వెళ్ళి ఇంటికి తిరిగొచ్చింది. మొత్తం 11 మైళ్ళు. దీనికి మూడున్నరేళ్ళు పట్టింది.

బండి గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. ఇది ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్, ఎక్కువ జోరున్న మోడల్) కాదు, మామూలు మాలిబూ. ఎస్ఎస్ కానిది మజిల్ కారే కాదనేవాళ్ళతో నాకు గొడవ లేదు, మీరే గెలిచారు. వీఐఎన్‌లో, అంటే బండి గుర్తింపు నంబర్‌లో, ప్లాంట్ అక్షరం ఆర్, అంటే ఇక్కడే అర్లింగ్టన్ ఫ్యాక్టరీలో పుట్టింది, మా ఇంటికి అరగంట దూరం. ఇంజిన్ అక్షరం ఎఫ్, అంటే 307 వీ8 (307 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్). పేరుకి వీ8 గానీ 72లో దాని లెక్క 130 హార్స్‌పవర్. వెనకాల పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, రెండే రెండు గేర్లు. మన బజాజ్ ఆటోకి నాలుగుంటాయి!

ఏ ఇంజిన్ పెట్టాలి, ఏ గేర్‌బాక్స్ పెట్టాలి అని రెండేళ్ళు ఎక్సెల్ షీట్ నింపాను. ఒక కాలమ్‌లో ట్రక్కుల్లో వచ్చే 5.3 ఎల్ఎస్ (షెవర్లే కొత్త తరం వీ8), దానికి 4ఎల్60ఈ గేర్‌బాక్స్. ఇంకో కాలమ్‌లో పాత 350 ఇంజిన్, టర్బో 350 గేర్‌బాక్స్. మూడోదాంట్లో ట్రెమెక్ ఫైవ్ స్పీడ్ మాన్యువల్, ఎందుకంటే గన్నవరంలో మారుతీ 800 మీద నేర్చుకున్న చేతికి గేర్ రాడ్ లేకపోతే ఏదో వెలితి. వీడియోలు చూసిన ప్రతి రాత్రీ ఒక కాలమ్ పెరిగేది, బండి మాత్రం జాకీల మీద అలాగే ఉండేది.

మొన్న ఏప్రిల్‌లో టెక్సాస్ మోటార్ స్పీడ్‌వే దగ్గర జరిగే పేట్ స్వాప్ మీట్‌కి, అంటే పాత బండ్ల సామాన్ల సంతకి, వెళ్ళాను. ఒకతను ట్రెయిలర్ మీద 350 ఇంజిన్ పెట్టుకుని అమ్ముతున్నాడు. తాజాగా రీబిల్డ్ చేసిందట, నారింజ రంగు మెరిసిపోతోంది, 1,400 డాలర్లు. నేను జేబులోంచి డబ్బు తీసి లెక్కపెడుతున్నా. పక్కన ఎవరో పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, నలిగిపోయిన టోపీ, నా చేతిలో నోట్లు చూసి "బాబూ, ఇచ్చేముందు నంబర్ చూశావా?" అన్నాడు. చూశానన్నాను. నిజంగానే చూశాను. బ్లాక్ వెనక, డ్రైవర్ వైపు, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద పోత నంబర్ ఉంటుంది, 14010207 అని చదివి ఫోన్‌లో కూడా సరిచూసుకున్నాను. 350యే.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ మోకాళ్ళతో ట్రెయిలర్ పక్కన కంకర మీద కూర్చుని, చొక్కా జేబులోంచి చిన్న వైర్ బ్రష్ తీసి ఆ అంచు మీద రంగు గోకడం మొదలుపెట్టాడు. అమ్మేవాడు ఏదో గొణిగాడు. రెండు నిమిషాల తర్వాత పెద్దాయన "ఇప్పుడు చదువు" అన్నాడు. చివరి అంకె 7 కాదు, 1. దాని మీద రంగు, మడ్డి పేరుకుని 7లా కనబడింది. 14010201 అంటే 305, చిన్న ఇంజిన్. బయటికి చూస్తే రెండూ ఒకటే, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కూడా ఒకటే, 3.48 అంగుళాలు. తేడా అంతా లోపల బోర్‌లో (సిలిండర్ వెడల్పులో) ఉంది, 350కి నాలుగు అంగుళాలు, 305కి 3.736. నా 1,400 డాలర్లు అలా నా జేబులోనే ఉండిపోయాయి.

అంతటితో ఆయన దారిన ఆయన పోయినా నేను జన్మంతా చెప్పుకునేవాణ్ణి. పోలేదు. "అసలు ఏం చేద్దామనుకుంటున్నావ్?" అని అడిగాడు. ఫోన్‌లో ఎక్సెల్ చూపించాను. అద్దాలు తెచ్చుకోలేదు, శనివారం ఇంటికి రా అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి, అదీ నా యాసతో! ఆయన జీవితమంతా ట్రాన్స్‌మిషన్ షాపులోనే పనిచేశాడని ఆ శనివారం తెలిసింది. పేరు రాయొద్దన్నాడు, రాయట్లేదు.

ఆయన ఇది పెట్టు, అది పెట్టు అని ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయిల్ ఫిల్టర్ల డబ్బా అట్ట చింపి పెన్సిల్‌తో గీతలు గీశాడు. ఎల్ఎస్ మంచి ఇంజిన్ అన్నాడు, తిట్టలేదు. దాని కింద మాత్రం దానికి కావాల్సినవన్నీ రాశాడు. 58 పీఎస్ఐ ఇచ్చే ఫ్యూయల్ పంపు, ట్యాంకు మార్పు, వైరింగ్ హార్నెస్, కంప్యూటర్, క్రాస్‌మెంబర్‌కి (కింద అడ్డంగా ఉండే దూలానికి) తగలని ఆయిల్ పాన్, మౌంట్లు, హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు). రాసి అట్ట నా చేతికిచ్చి "నీకు చేతనైన వాటికి టిక్ పెట్టు" అన్నాడు. రెండు టిక్కులు పడ్డాయి. మాన్యువల్ కాలమ్ నేనే కొట్టేశాను, క్లచ్ పెడల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, పైగా మా ఆవిడ నడపదు.

గేర్‌బాక్స్ లెక్క చూడండి, నాకు ఇది రెండేళ్ళలో ఎవరూ ఇలా చెప్పలేదు. 26 అంగుళాల టైరు, హైవే మీద 70 మైళ్ళ వేగం, వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.42. టర్బో 350కి ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ మెల్లగా తిరిగేలా చేసే పై గేర్) లేదు కాబట్టి ఇంజిన్ దాదాపు 3,100 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూ ఉంటుంది. నేనేమో అందరూ పెడుతున్నారని 3.73 యాక్సిల్ అనుకున్నా, దాంతో అయితే 3,370 దాటేది. 200-4ఆర్ అనే గేర్‌బాక్స్ పెడితే నాలుగో గేర్ 0.67, అదే 3.42 యాక్సిల్‌తో 2,070 దగ్గర హాయిగా పోతుంది, మొదటి గేర్ 2.74 కాబట్టి కదిలేటప్పుడు లాగుడు కూడా టర్బో 350 కంటే ఎక్కువే. 700ఆర్4 అనే ఇంకో గేర్‌బాక్స్‌కి మొదటి గేర్ 3.06, ఇంకా దూకుడు, కానీ రెండోది 1.63, మధ్యలో పెద్ద గొయ్యి, పైగా పొడవెక్కువ కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్ళే కడ్డీ) కోయించాలి. 200-4ఆర్ పొడవు నా పవర్‌గ్లైడ్ అంతే, పాత షాఫ్ట్ అలాగే సరిపోతుంది, క్రాస్‌మెంబర్ వెనక్కి జరిపితే చాలు. అది బలహీనమైన పెట్టె కదా అన్నాను, ఇంటర్నెట్ జ్ఞానం. బ్యూక్ గ్రాండ్ నేషనల్ టర్బో బండ్లలో ఇదే ఉండేదని చెప్పి నవ్వాడు.

ఇంజిన్ కూడా అట్ట మీదే తేలింది. 90ల చివరి షెవీ పికప్‌లలో వచ్చిన వోర్టెక్ 350, జంక్‌యార్డ్‌లో దొరికింది. ట్రక్కులో 255 హార్స్‌పవర్, నా 307కి దాదాపు రెట్టింపు. రోలర్ క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ మీద చక్రాలు దొర్లే రకం) కాబట్టి పాత ఫ్లాట్ ట్యాపెట్ లాగా మొదటి స్టార్ట్‌లోనే క్యామ్ అరిగిపోతుందేమో, ఆయిల్లో జింక్ చాలదేమో అన్న టెన్షన్ లేదు. దానికి కార్బురేటర్ పెట్టాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (కార్బురేటర్ కూర్చునే దిమ్మ) ఎనిమిది బోల్టులదే కొనాలి, పాత పన్నెండు బోల్టులది కూర్చోదు. ఇవన్నీ సరిగ్గా కొని ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే పళ్ళెం) దగ్గర బోల్తా పడ్డాను. వెనకవైపు ఆయిల్ సీల్ రెండు ముక్కలుగా ఉండే పాత టూ పీస్ సీల్ ఇంజిన్లది తెప్పించాను. 86 నుంచి వచ్చినవి వన్ పీస్ సీల్, వాటి ఫ్లెక్స్‌ప్లేట్‌కి బరువు ముక్క ఉండాలి. నేను బాక్స్ విప్పుతుంటే ఆయన దూరం నుంచే చూసి తల అడ్డంగా ఊపాడు.

300 డాలర్లకి పాత 200-4ఆర్ దొరికితే నాలుగు శనివారాలు తన షెడ్డులో కూర్చోబెట్టి నా చేతే విప్పించి, నా చేతే బిగింపించాడు. రిపేర్ కిట్ రసీదు చూపించి సెంట్లతో సహా ఆ డబ్బు మాత్రం తీసుకున్నాడు. ఒకసారి ఆయన బల్ల సొరుగులో 500 డాలర్లు పెట్టి వచ్చాను. ఆ వారమే నా టూల్‌బాక్స్‌లో 13 ఎంఎం సాకెట్ కోసం వెతుకుతుంటే, అదే కవరు, అవే నోట్లు.

ఇక అసలు సంగతికొస్తాను, దీని కోసమే నిద్ర మానుకుని కూర్చున్నా. గత నెల ఇంజిన్ మొదటిసారి స్టార్ట్ చేసిన రాత్రి టక్ టక్ టక్ అని ఒకటే చప్పుడు. లిఫ్టర్ (వాల్వుల్ని నెట్టే ముక్క) పోయింది, అయిపోయింది, మళ్ళీ అంతా విప్పాలి అనుకున్నా. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశాను, మాట సరిగ్గా రాలేదు. ఆపేసి ఉంచు, వస్తున్నా అన్నాడు. గంట ప్రయాణం. రాత్రి బట్టల మీదే జాకెట్ వేసుకుని వచ్చాడు. బెజవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకుని ఇంజిన్ వినడం చిన్నప్పుడు చూసేవాణ్ణి. ఈయన ఒక రబ్బర్ గొట్టం ముక్క చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస హెడర్ వెంబడి మెల్లగా జరిపాడు. ఒకచోట ఆగాడు. లిఫ్టర్ కాదు, గాస్కెట్ దగ్గర ఎగ్జాస్ట్ లీక్. రెండు బోల్టులు బిగించాడు. చప్పుడు పోయింది.

నేను అలాగే నిలబడిపోయాను. ఆయన నా మొహం చూసి "ఏమైనా తిన్నావా అసలు?" అన్నాడు.

అమెరికా వచ్చి పద్నాలుగేళ్ళయింది. మా అమ్మ తప్ప ఆ మాట నన్ను అలా ఎవరూ అడగలేదు, ఇంగ్లీషులో అయితే అసలే లేదు. గ్యారేజీ ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను. ఆయన కూడా పానా కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాడు. తర్వాత పదకొండున్నరకి ఇద్దరం బకెట్ల మీద కూర్చుని టమాటా పప్పన్నం తిన్నాం. ఇవాళ మళ్ళీ వచ్చి, టీవీ కేబుల్ సెట్ చేసి, ప్రెషర్ గేజ్ పెట్టి చూసి, అప్పుడు గానీ రోడ్డు ఎక్కనివ్వలేదు. టీవీ అంటే థ్రాటిల్ వాల్వ్. ఆ కేబుల్ తప్పుగా ఉంటే ఈ పెట్టెలో ప్రెషర్ అందక క్లచ్‌లు కాలిపోతాయి, నాలుగు శనివారాలు బూడిదే.

మా ఆవిడ, మామయ్య, డబ్బు సర్దిన బావ, వీళ్ళకి ఇక్కడ థాంక్స్ చెబితే ఇంట్లో నవ్వుతారు. వాళ్ళకి తెలుసు.

ఇంకో మాట, చెప్పకూడదనుకున్నా గానీ ఆగట్లేదు. ఈ పెద్దాయన దొరక్కముందు ఒక షాపు 3,500 డాలర్లు అడ్వాన్స్ తీసుకుని పదకొండు నెలలు బండిని వానలో ఉంచి, ఎప్పుడడిగినా వచ్చే వారం అంది. ఇంటికి తెచ్చుకుంటే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) ఉత్తరం, నడవని వాహనం డ్రైవ్‌వేలో ఉంచరాదు, ఫైన్. నడిపించడానికే కదయ్యా అక్కడ పెట్టింది! నాలుగిళ్ళ అవతల పడవ ఏడాదిగా కదల్లేదు, దానికి ఉత్తరం లేదు. టైటిల్‌లో (బండి యాజమాన్య పత్రంలో) వీఐఎన్ మొదట్లో 1డి37 అని ఉండాల్సిన చోట ఎవరో 1037 అని కొట్టారు, డి కాస్తా సున్నా అయింది, ఆ ఒక్క అక్షరానికి ఐదుసార్లు తిరిగాను. ఇన్సూరెన్స్ సైటేమో 17 అక్షరాల వీఐఎన్ లేనిదే ముందుకు పోదు. 81కి ముందు బండ్లకి 17 ఉండవు, నాదానికి 13. ఫోన్‌లో చెబితే మీరు తప్పు చదువుతున్నారు, మళ్ళీ చూడండి అంటారు. నడిపే హక్కు రుజువు చేసుకోవడానికి పట్టినంత టైమ్ ఇంజిన్ దించడానికి పట్టలేదు.

అయ్యో, జంక్‌యార్డ్‌లో ఇంజిన్ దించడానికి అడక్కుండానే చెయ్యేసిన ఇద్దరు మెక్సికన్ కుర్రాళ్ళు, వాళ్ళని మర్చిపోయా. డ్రైవ్‌వేలో పెట్టొద్దన్నప్పుడు రెండు నెలలు తన గ్యారేజీ ఇచ్చిన పక్కింటి ఆవిడ. హ్యూస్టన్ నుంచి ఫోన్‌లో కార్బురేటర్ ట్యూనింగ్ చెప్పిన మన తెలుగతను, అన్నా నీకు బాకీ ఉన్నా. ఆన్‌కాల్ మార్చుకున్న మా టీమ్‌లో తమిళ అబ్బాయి.

ఇంకా, ఆ తప్పుడు ఫ్లెక్స్‌ప్లేట్‌ని డబ్బా చిరిగిపోయినా రసీదు లేకపోయినా వెనక్కి తీసుకున్న పార్ట్స్ కౌంటర్ అమ్మాయి. పడుకుంటా ఇక. ఆదివారం పెద్దాయన దగ్గరికి బండిలోనే వెళ్ళాలి. పప్పు తెమ్మన్నాడు, కారం సగం వేయమన్నాడు.