సచివాలయంలో పని తెలిసినోళ్లని నిలబెట్టుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా పలాస వైపు ఒక గ్రామ సచివాలయంలో ఆన్‌లైన్ పనులు చూసే డిజిటల్ అసిస్టెంట్‌గా చేసిన కుర్రాడు మొన్న వేసంగిలో రాజీనామా ఇచ్చి బెంగళూరు కంపెనీకి ఎల్పోయాడు. పోతే పోయాడు ఇంకొకరొస్తార్లే అన్నారు అందరూ, కానీ ఇప్పటికీ ఆ కుర్చీలో మనిషి లేడు, పక్కూరి అమ్మాయికే ఇన్‌చార్జి ఇచ్చారు, ఆమె అక్కడ కొన్నాళ్లు ఇక్కడ కొన్నాళ్లు. పేపర్లో వస్తే పైవాళ్ల కంట పడుతుందని రాస్తున్నాను.

ఆ కుర్రాడు ఏం పని చేసేవాడో ఒకటి చెప్తాను. మా దగ్గర ఆడవాళ్లు చాలామంది జీడి ఫ్యాక్టరీల్లో పనికి పోతారు, పిక్కలు కొట్టీ కొట్టీ జీడి సొనకి వేళ్ల మీద చర్మం లేచిపోయి గీతలే ఉండవు. పెన్షన్‌కైనా, ఆధార్‌తో మనిషిని సరిచూసే ఈకేవైసీకైనా మెషీన్ మీద వేలు పెడితే పడదు, మళ్లీ పెట్టు, మళ్లీ పడదు. ఈ కుర్రాడు తడిగుడ్డతో తుడిపించి పది వేళ్లూ ఓపిగ్గా చూసి ఎవరికి ఏ వేలు పడుతుందో గుర్తుపెట్టుకునేవాడు, ఏదీ పడకపోతే కంటిపాప చూసే ఐరిస్, అదీ కాకపోతే గుమ్మం దగ్గర వెలుతుర్లో కూర్చోబెట్టి ఫేస్ యాప్ ఓపెన్ చేసి "అప్పా, ఒకసారి రెప్ప కొట్టు" అనేవాడు. ఇదంతా ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పింది కాదు, చేస్తూ చేస్తూ నేర్చుకున్నది. అతను పోయిన రోజే అదీ పోయింది. ఇన్‌చార్జిగా వచ్చిన అమ్మాయి మంచిదే పాపం, కానీ మళ్లీ బొటనవేలు నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది, ముసలోళ్లు కూలి మానుకుని తిరుగుతున్నారు.

2019లో సచివాలయం ఉద్యోగాలన్నిటికీ కలిపి లక్షా ఇరవై వేలకి పైగా పోస్టులు వేస్తే 20 లక్షలు దాటి అప్లికేషన్లు పడ్డాయి, అంత పోటీలో పరీక్ష రాసి వచ్చిన బీటెక్, బీసీఏ పిల్లలు వీళ్లు. రెండేళ్లలో ప్రొబేషన్ అయిపోతుందన్నారు, 15 వేల జీతం మీద 2022 దాకా ఉంచారు. 2024 జులై నుంచి ఒకటో తారీఖు వచ్చిందంటే పొద్దున్నే ఇంటింటికీ పెన్షన్ పంచడం వీళ్లే, ఆ తర్వాత సర్వేలు, ఒక సర్వే అవ్వకముందే ఇంకో యాప్. మా కుర్రాడు వెళ్లే ముందు నాతో అన్న మాట, "మావయ్యా, జీతం సంగతి తర్వాత, నేను చదివింది నేనే మర్చిపోతున్నాను". ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

రాత్రి పదింటికి గ్రూపులో ఎక్సెల్ షీట్ వస్తుంది, మీ సచివాలయం పెండింగ్‌తో రెడ్‌లో ఉంది పొద్దున్నకి క్లియర్ చెయ్యాలి అని. ఎన్ని పెండింగ్ అని అడిగేవాళ్లే గానీ ఆ పెండింగ్ ఎందుకుంది, సర్వర్ రాలేదా, పై అధికారి లాగిన్‌లో ఆగిందా అని అడిగేవాళ్లు లేరు. కష్టమైన కేసు మీద గంట కూర్చుని పని చేసిపెట్టినవాడికి స్క్రీన్ మీద ఒక్క అంకే, అసలు తలెత్తి చూడనివాడికీ అదే అంకె. ఇలా ఐతే పనిమంతుడు ఎందుకుంటాడు?

వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలిచ్చే మన మిత్ర వచ్చింది కదా ఇంక సచివాలయం పనేంటి అని కొందరంటున్నారు. 2025 జనవరిలో 161 సేవలతో మొదలెట్టారు, బాగానే ఉంది, మా అబ్బాయి కూడా వాడతాడు. కానీ ఫోన్లో అప్లై చేసినా అవతల లాగిన్‌లో చూసే మనిషుండాలి, ఆధార్‌లో పేరు ఒకలా రేషన్ కార్డులో ఒకలా ఉంటే ఏ కాగితం పెట్టాలో చెప్పే మనిషుండాలి. సేవలు పెరిగేకొద్దీ తెలిసినవాడి అవసరం ఎక్కువే అవుతుంది.

బెంగళూరు జీతం ఇవ్వమని ఎవరూ అడగట్లేదండీ. సొంత జిల్లాలో అమ్మానాన్న దగ్గరుండి ఉద్యోగం చేసుకోవాలని వీళ్లలో చాలామందికి ఉంది, వలసలు మా శ్రీకాకుళానికి కొత్తా ఏంటి, ఉన్న ఊర్లో గౌరవంగా ఎదిగే దారి కనిపిస్తే ఎవరు పోతారు. డిజిటల్ అసిస్టెంట్‌గా చేరినవాడు మండలంలో, తర్వాత కలెక్టరేట్‌లో టెక్నికల్ పోస్టుకి ఎన్నేళ్లకి వెళ్తాడో జీవోలో రాసి ఇవ్వండి. కంప్యూటర్ పని తెలిసినవాళ్లని సర్వేలకి తిప్పడం తగ్గించండి, యాప్ తయారుచేసేటప్పుడే ఊళ్లో వాడేవాళ్లని నలుగురిని పిలిచి అడగండి, సగం తిప్పలు అక్కడే పోతాయి. ఇంకోటి, ఎవరైనా వెళ్లిపోతుంటే రిలీవ్ చేసే ముందు వచ్చేవాళ్లని పక్కన ఒక నెల కూర్చోబెట్టాలి, దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

మా ఇన్‌చార్జి అమ్మాయి కూడా సాయంత్రాలు గ్రూప్-2 పుస్తకాలు ముందేసుకుంటోంది. ఆమె కూడా పోకముందే రెండో సచివాలయం భారం తీసి ఖాళీ పోస్టులో మనిషిని వెయ్యాలని జిల్లా అధికారుల్ని మీ పేపర్ ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పలాస ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా