మంచం కింద దిమ్మలు పెట్టినవాళ్లకి, పడవ మీద మాత్రలు తెచ్చినవాళ్లకి

నాకు లివర్ మార్చి 8 నెలలైంది. తన లివర్‌లో ముక్క ఇచ్చిన మా తమ్ముడికి థాంక్స్ చెబితే తిడతాడు, వాడి జోలికి పోను. మిగిలింది మళ్లీ పెరిగిపోయిందట, హాయిగా తిరుగుతున్నాడు. డాక్టర్లకి హైదరాబాద్‌లోనే దండం పెట్టి వచ్చాను. ఇది మా కనకాయలంక వాళ్ల కోసం.

(లివర్ అనగానే మందు అలవాటేమో అనుకున్నవాళ్లకి: నాది హెపటైటిస్ బి. చుక్క ముట్టి ఎరగను.)

ఇంటికొచ్చాక తెలిసింది అసలు సంగతి. పొట్ట మీద అడ్డంగా కోత. తిన్నగా లేచి కూర్చోకూడదు. పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, మోచెయ్యి ఆన్చి లేవాలి. మాదేమో నులకమంచం, మోకాలెత్తు కూడా ఉండదు, మధ్యలో గుంట. రెండు పూటలు నా అవస్థ చూసి మా వడ్రంగి బావ నులక బిగించి, మంచంకోళ్ల కింద కొబ్బరిమాను దిమ్మలు పెట్టాడు. ఎంతివ్వమంటావంటే "ముందు నువ్వు లేచి చూపించు, అప్పుడు చూద్దాం" అన్నాడు.

కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ మాత్రకి చేతులు వణుకుతాయి. చొక్కా గుండీ పెట్టుకోడానికి పావుగంట పట్టేది. మా ఆవిడ పెడతానంటే నాకు కోపం. మా ఊరి టైలర్ తమ్ముడు ఓ రోజు ఏమీ చెప్పకుండా 4 చొక్కాలు పట్టుకెళ్లి టిచ్ బటన్లు కుట్టి తెచ్చాడు. ఆ మేలు మర్చిపోలేను.

ఆ మాత్ర పొద్దున 8కి, రాత్రి 8కి పడాల్సిందే. రక్తపరీక్ష ఉన్న రోజు రక్తం తీశాకే వేసుకోవాలి. అందుకని ల్యాబ్ కుర్రాడు చీకటితోనే బయల్దేరి వచ్చేవాడు.

గోదావరి వరదకి మా లంకకి దారైన కాజ్‌వే మునిగినప్పుడు నా దగ్గర రెండ్రోజుల మాత్రలే ఉన్నాయి. పార్సిలేమో అవతల చాకలిపాలెంలో. పడవ మావయ్య దాన్ని పాలకవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. తను నిలువునా తడిశాడు, డబ్బా మీద చుక్క పడలేదు.

ఎదురింటి పిన్నికి థాంక్స్‌తో పాటు క్షమాపణ కూడా. చవితికి పంపర పనస వలిచి, తొనలు తీసి మరీ తెచ్చింది. అది తింటే రక్తంలో ఈ మందు మోతాదు పెరిగిపోతుందని చెబితే మొహం చిన్నబుచ్చుకుంది. తర్వాత మా అరుగు మీదే కూర్చుని, "నీ వాటా కూడా నేనే తింటాన్లేరా" అని మొత్తం లాగించేసింది.

బావా, నిన్న దిమ్మలు తీయించి పడుకున్నాను. పొద్దున ఎవరూ చెయ్యి ఇవ్వకుండానే లేచాను. వచ్చి చూసుకో, నీ దిమ్మలు పట్టుకెళ్లు.