టీబీ మందు సగంలో ఆగిపోకుండా చూడండి: కర్ణాటక ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఆదోని, కోసిగి, అనంతపురం, నారాయణపేట వైపు నుంచి బెంగళూరుకు కట్టడం పనులకొచ్చిన తెలుగు కూలీల మధ్య ఆరోగ్యం విషయాలు చూసుకునేవాళ్లం మేం. కన్నడలో అర్జీలు ఇచ్చాం, ఇంగ్లీషులో ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా తెలుగులో రాస్తున్నాం.

కాగితం మీద జవాబు లేకపోయినా నోటిమాటగా ఒకటి వినబడింది. సైట్లలో క్యాంపులు పెట్టి చూస్తే వలస కూలీలకు షుగరు, బీపీ స్థానికులకంటే తక్కువే ఉన్నాయట, కాబట్టి వాళ్ల ఆరోగ్యం బాగానే ఉందట. అయ్యా, ఆ అంకెలు నిజమే కావచ్చు. వాటిని చదివిన తీరే తప్పు. ఊళ్లో ముఠా కట్టేటప్పుడే మేస్త్రీ గట్టివాళ్లను ఏరి అడ్వాన్సు ఇస్తాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇరవై, ముప్పై ఏళ్లవాళ్లు. స్థానికుల వార్డు లెక్కలో మాత్రం ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు అందరూ కలుస్తారు. సైట్లో మంచం పట్టిన మనిషి మీకు కనబడడు, ఎందుకంటే పనికి లేవలేనివాడు నాలుగు రోజుల్లో బస్సెక్కి ఊరికి పోతాడు. కెనడాలో, ఆస్ట్రేలియాలో కూడా వలస వెళ్లినవాళ్లు మొదట్లో అక్కడ పుట్టినవాళ్లకంటే ఆరోగ్యంగా కనిపిస్తారు. వీసా ఇచ్చేముందే ఛాతీ ఎక్స్‌రే తీసి చూస్తారు కదా. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా తరుగుతుంది. మన కూలీలు అది తరిగేదాకా ఇక్కడ ఉండనే ఉండరు. జబ్బు బెంగళూరులో పట్టుకుంటుంది, చావు కర్నూలు జిల్లా రిజిస్టరులో పడుతుంది. దయచేసి ఒకే వయసువాళ్లను ఒకే వయసువాళ్లతో పోల్చండి, మధ్యలో వెళ్లిపోయినవాళ్లనూ లెక్కలోకి తీసుకోండి.

టీబీ సంగతే చూడండి. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. రెండు నమూనాలు ఇవ్వాలి, ఒకటి అప్పటికప్పుడు, ఇంకొకటి మర్నాడు నిద్ర లేవగానే. అంటే రెండు రోజుల కూలీ పోయినట్టే. పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం నాలుగున్నరకు మూసే క్లినిక్కు, ఎనిమిదికి పనికెక్కి చీకటిపడ్డాక దిగే మనిషికి ఎలా అందుతుంది? అతను సైటు పక్కన మందుల షాపులో సిరప్పు, ఐదు రోజుల యాంటీబయాటిక్ కొనుక్కుంటాడు. ఆ మందు టీబీ క్రిములను కూడా కొంత అణచే ఫ్లోరోక్వినోలోన్ రకమైతే కొన్నాళ్లు దగ్గు తగ్గినట్టే ఉంటుంది, జబ్బు బయటపడడం ఇంకా ఆలస్యమవుతుంది. ఈలోగా కిటికీ లేని పదడుగుల రేకుల గదిలో, దోమలకు తలుపేసుకుని పడుకున్న ఆరుగురూ అదే గాలి పీలుస్తుంటారు.

జబ్బు తేలాక నమోదుకు అడ్రసు అడుగుతారు. షెడ్డుకు డోర్ నంబరు ఉండదు. ఆధార్‌లో ఉన్న ఊరి అడ్రసు ఎక్కిస్తే, ఇంటికొచ్చి చూడాల్సిన ఆరోగ్య కార్యకర్త ఎక్కడికని పోవాలి? బిల్డరు పేరు రాసుకుని వస్తే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేస్తాడు. దాంతో ఆ గదిలో మిగతావాళ్లకు పరీక్షలు జరగవు. వారానికోసారి చొప్పున 12 వారాలు ఇవ్వాల్సిన ముందుజాగ్రత్త మందూ వాళ్లకు చేరదు.

మందు బరువును బట్టి ఇస్తారు. 35 నుంచి 49 కిలోలుంటే రోజుకు మూడు మాత్రలు, 50 నుంచి 64 ఉంటే నాలుగు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. ఏమీ తినకుండా మింగి ఎండలో సెంట్రింగు ఎక్కితే కడుపులో తిప్పుతుంది, వాంతవుతుంది. మూత్రం ఎర్రగా వస్తే రక్తం పోతోందని బెదిరిపోతారు. అది మందు రంగేనని తెలుగులో ఒక్క ముక్క చెప్పేవాళ్లుంటే మానేయరు. మూడు, నాలుగు వారాలకు జ్వరం, దగ్గు తగ్గి నయమైపోయిందనిపిస్తుంది. ఆ సమయానికే స్లాబు పని అయిపోయి మేస్త్రీ ముఠాను సర్జాపురం నుంచి దేవనహళ్లికి మారుస్తాడు. లేదంటే ఉగాదో, ఊరి జాతరో, వేరుశనగ విత్తే అదనో వస్తుంది. చేతిలో ఉన్న మాత్రల పట్టీ అయిపోతే మందు అక్కడితో సరి.

టీబీ రోగుల వివరాలు ఎక్కించే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరు నిక్షయ్‌లో, రోగిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బదిలీ చేసే వీలుందని మీ అధికారులు చెబుతారు. ఉంది. ఇక్కడివాళ్లు పంపాలి, అక్కడివాళ్లు తీసుకోవాలి. రోగి వెళ్లేముందు వచ్చి చెబితే కదా పంపేది? చెప్పాలని అతనికి ఎవరు చెప్పారు? పంపినా ఆదోనిలో ఉన్నవాళ్లు ఫోను చేస్తే ఇంకెవరో ఎత్తుతారు, ఎందుకంటే ఇచ్చిన నంబరు మేస్త్రీది. మనిషి రెండు రాష్ట్రాల మధ్య జారిపోతాడు. రికార్డులో మందు మానేసినవాడిగా మిగులుతాడు. సగంలో ఆపిన మందుకు క్రిములు లొంగకుండా పోతే, ఆరు నెలల్లో తీరాల్సింది మొండి టీబీగా మారుతుంది. టీబీ రోగి తిండి కోసం ప్రభుత్వం ఖాతాలో వేసే, 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు చేసిన పోషణ సాయం కూడా అంతే. ఆధార్‌కు కట్టిన పాత ఖాతా ఎప్పుడో మూలపడి ఉంటుంది, దాన్ని మళ్లీ తెరిపించాలంటే ఊళ్లో బ్యాంకుకే వెళ్లాలి. గుడ్డు, పప్పు కొనుక్కోవాల్సిన నెలల్లోనే ఆ డబ్బు అందదు.

ఇంకో మాట. గ్రానైటు, టైల్సు పొడిగా కోసేవాళ్ల దగ్గు అంతా టీబీ కాదు. ఆ తెల్ల దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తుంది, ఆ జబ్బే సిలికోసిస్. మూతికి చుట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు. బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉంటే దుమ్ము చాలామటుకు అణుగుతుంది, అయినా నీళ్ల పైపు బిగించే సైట్లు ఎన్ని? తెమడలో క్రిమి కనబడకపోయినా ఎక్స్‌రేలో మచ్చలు చూసి టీబీ మందు మొదలుపెడతారు, ఏం పని చేస్తావని అడగరు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశమూ ఎక్కువే కాబట్టి రెండూ చూడాలి. రాజస్థాన్ 2019లోనే సిలికోసిస్‌కు విధానం తెచ్చింది. జబ్బు ఉందని ధ్రువపత్రం వస్తే 3 లక్షలు, మనిషి పోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తోంది. కోత మిషన్ల మోత ఆగని బెంగళూరులో మన కూలీకి ఆ పాటి ఆసరా ఎందుకుండకూడదు?

గర్భిణుల సంగతి, పిల్లల టీకాల సంగతి, లిఫ్టు గుంతల్లో నిలిచిన నీళ్లలో పెరిగే దోమల సంగతి పాత అర్జీల్లో వివరంగా రాశాం. వాటిని ఒక్కసారి తెప్పించుకుని చదవండి.

మేం అడిగేవి పెద్దవి కావు. కూలీలు ఎక్కువగా ఉన్న వార్డుల్లో క్లినిక్కు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరవండి. గేటు దాటి షెడ్లలోకి వెళ్లడానికి ఆరోగ్య కార్యకర్తకు మీ సంతకంతో ఉత్తర్వు ఇవ్వండి. షెడ్డు అడ్రసుతో పాటు ఊరి అడ్రసు, ఊళ్లో ఒకరి ఫోన్ నంబరు మొదటి రోజే రాయించండి. ఊరెళ్లే రోగికి నెలకు సరిపడా మాత్రలు చేతికివ్వండి. కర్నూలు, అనంతపురం, నారాయణపేట, మహబూబ్‌నగర్ జిల్లాల టీబీ అధికారులతో మీవాళ్లను వారానికోసారి ఫోన్లో మాట్లాడించండి, వెళ్లినవాళ్ల పేర్లు చదివించండి, అక్కడికి చేరారో లేదో రాయించండి. రాయి కోసేవాళ్లకు ఏటా ఎక్స్‌రే తీయించండి. ఇందుకు కట్టడం కూలీల సంక్షేమానికని నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం చొప్పున వసూలైన సెస్సు డబ్బు ఉంది, అది వాళ్ల చెమటదే. 90 రోజులు పని చేసినట్టు చూపే పత్రం మీద కాంట్రాక్టరు సంతకం పెట్టలేదని కూలీకి సంక్షేమ బోర్డు కార్డు ఆపి, కార్డు లేదని వైద్యం ఆపకండి.

అన్నీ ఒకేసారి కాకపోతే బదిలీ సంగతి ఒక్కటైనా ముందు తేల్చండి అయ్యా. ఉగాదికి కూలీలు ఊళ్లకు బయలుదేరేలోగా ఉత్తర్వు రావాలి. ఈసారైనా జవాబు ఇవ్వండి.

ఇట్లు,
వలస కూలీల ఆరోగ్యం కోసం పనిచేస్తున్న తెలుగువాళ్లం,
బెంగళూరు