వంటనూనెకు ఎన్నాళ్లు పరాయి దిక్కు?

సంపాదకులకు నమస్కారం.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధానికి దిగగానే మా కిరాణా కొట్లో పొద్దుతిరుగుడు నూనె ధర ఎగబాకింది. ఆ నూనె మనకు ఎక్కువగా ఆ రెండు దేశాల నుంచే వచ్చేది. అది చాలదన్నట్టు, స్వదేశంలో ధరలు పెరిగాయని ఇండోనేషియా ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మూడు వారాలకు పైగా సాగిన ఆ నిషేధంతో ఇళ్లలో, బజ్జీల బండ్ల దగ్గర ఎంత టెన్షన్ పడ్డామో నాకింకా గుర్తుంది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి కొంటున్నాం మరి.

2021లో కేంద్రం, పామాయిల్ ఇచ్చే ఆయిల్‌పామ్ తోటల సాగు పెంచే మిషన్‌కు రూ.11,040 కోట్లు ప్రకటించింది. మంచిదే. కానీ మొక్క నాటాక గెలలు కోతకు రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. అంతకాలం ఓపిక పట్టే రైతు దేన్ని నమ్ముకోవాలి? 2024 సెప్టెంబరులో వంటనూనెలపై దిగుమతి సుంకం పెంచారు, 2025 మే నెలాఖరులో శుద్ధి చేయని ముడి వంటనూనెలపై తగ్గించారు. వాడుకునేవాళ్లకు నూనె చవకగా దొరకాలి, కాదనను. కానీ సుంకం తగ్గి ఇక్కడి గెలల రేటు పడితే, ఆ భారం ఏలూరు, ఖమ్మం రైతుల మీద పడకూడదు. మిషన్‌లో చెప్పిన హామీ ధర ప్రకారం, గెలల రేటు పడిపోయినప్పుడు ఆ తేడా ఆలస్యం లేకుండా రైతు ఖాతాలో పడేలా చూడాలి. మన వేరుశనగ, నువ్వుల రైతులకూ ఇలాంటి భరోసా ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా