పెద్ద నల్లంచికీ పుట్టగొడుక్కీ చుట్టరికం

ఒరేయ్ రవీ,

అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? తెల్లారుజామున మీ పెరట్లో పాడే నలుపూ తెలుపూ పిట్ట ఏమిటని అడిగావు కదా, అది పెద్ద నల్లంచి. తోక పైకెత్తి, చిటారు కొమ్మ మీదో కరెంటు తీగ మీదో కూర్చుని పాడేది మగపిట్ట. ఆడదానికి నలుపు బదులు బూడిద రంగు ఉంటుంది. బంగ్లాదేశ్ వాళ్ళు దీన్నే జాతీయ పక్షి చేసుకున్నారు. నన్నడిగితే చాలా మంచి పని చేశారు.

దాని పాట వింటే నాకు చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు గుర్తొస్తాయిరా. రెండూ ఏడాదిలో కొన్నాళ్ళే మన కళ్ళబడతాయి, అదీ సంతానం కోసమే. నల్లంచి ముఖ్యంగా మార్చి నుంచి జులై దాకా జత కోసం పాడుతుంది. చలికాలంలో పక్కనే తిరుగుతున్నా పట్టించుకోం. పుట్టగొడుగూ అంతే. మనం కోసుకొచ్చేది బీజాలు రాల్చే భాగం మాత్రమే. అసలు శిలీంధ్రం ఏడాదంతా పుట్ట లోపలే ఉంటుంది.

ఆ లోపలి సంగతి ఎంత చెప్పినా తనివి తీరదు. చెదలు ఎండుగడ్డీ పుల్లా నమిలి మింగి, విసర్జించిన దానితో తేనెపట్టులాంటి అరలు కడతాయి. వాటి మీద శిలీంధ్రం పెరిగి, చెదలకి అరగని గట్టి భాగాల్ని మెత్తబరుస్తుంది. తర్వాత చెదలు దాన్నే తింటాయి. అచ్చంగా సేద్యమే! ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ళ కిందట మొదలైన పొత్తు ఇది. చాలా రకాల్లో, కొత్త పుట్టలోని తొలి కూలి చెదలు బయట ఏరుకొచ్చిన బీజాలతోనే ఈ తోట మొదలవుతుంది. చెదలు లేనిదే ఈ పుట్టగొడుగు మొలవదు. మార్కెట్లో ప్యాకెట్లలో దొరికేవి వేరే జాతులు.

ఇక చుట్టరికం అన్నానా? తొలకరికి అవే పుట్టల్లోంచి ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేస్తాయి. పురుగులు తిని బతికే నల్లంచికి అది పండగే. గూట్లో పిల్లలుంటే మరీను.

అందుకే గట్టు మీది పుట్టలో మందు పోయిస్తానన్నావని తెలిసి టెన్షన్ పడ్డాను. ఇంటికి దూరంగానే ఉంది కదా, వదిలెయ్యరా. పాత వేపచెట్టునీ కొట్టించకు, నల్లంచి గూడు పెట్టేది అలాంటి తొర్రల్లోనే. పిల్లల్ని మాత్రం కనబడిన ప్రతి తెల్ల గొడుగునీ కోయనివ్వకు, విషపువి కూడా చూడ్డానికి అలాగే ఉంటాయి.

పుట్ట సంగతి ఏం చేశావో వెంటనే రాయి.

నీ
సత్యం